రేకు వెనక మాట

స్క్రూడ్రైవర్ పిడి దాకా లోపలికి దిగిపోయింది.

"ఏవండోయ్! ఏం చేస్తున్నారండీ?" చక్రి గావుకేక పెట్టాడు. "బాగున్న కారుకి బొక్క పెడతారా?"

కారు కింద పడుకున్న మనిషి జానెడు అవతల ఇంకో పోటు పొడిచింది. అదీ దిగిపోయింది. వెనక చక్రం మీద గూడులా కప్పి ఉండే రేకులోంచి ఎర్రటి పొడి జలజలా రాలింది.

అప్పుడా మనిషి బయటికి జరిగి, లేచి నిలబడింది. ఖాకీ చొక్కా, తలకి చుట్టుకున్న గుడ్డ, ముక్కు మీద గ్రీజు మరక. ఆడపిల్ల! చక్రి తర్వాతి తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

"బొక్క నేను పెట్టలేదండీ. తుప్పు ఎప్పుడో పెట్టింది. మీరు పైన రంగేసి మూసిపెట్టారు," అందామె తాపీగా.

"హనుమయ్య మేస్త్రి గారు లేరా? మా నాన్న ఆయనకే చూపించమన్నారు."

"ఆయన మా నాన్నే. వెల్డింగ్ మంట చూసీ చూసీ కళ్ళు మసకేశాయి. ఆరేళ్ళుగా షెడ్డు నేనే నడుపుతున్నా. పేరు శ్రీదుర్గ. ఐటీఐ వెల్డర్‌ని. సర్టిఫికెట్ చూపించమంటారా?"

"వద్దులెండి," అన్నాడు చక్రి. నిజానికి అడుగుదామనే అనుకున్నాడు.

నాన్న మాట వినకుండా అతను ఆ అంబాసిడర్ని అప్పటికే ఆటోనగర్లో రెండు షెడ్లు తిప్పాడు. మొదటాయన తుక్కుకి ఇచ్చేయమన్నాడు. రెండో ఆయన పుట్టీ మెత్తి, రంగు కొట్టి, సాయంత్రానికల్లా ఇస్తానన్నాడు.

"మీరూ సాయంత్రానికి ఇవ్వగలరా?"

"సాయంత్రానికా! రెండు వైపులా కుళ్ళిన రేకు కోసెయ్యాలి. కొత్త రేకు కొట్టి వంచాలి, వెల్డింగ్ చెయ్యాలి. పన్నెండు రోజులు."

"పక్క షెడ్డాయన పుట్టీ మెత్తితే చాలన్నాడండీ."

"మెత్తించుకోండి. ఫిట్‌నెస్ పరీక్ష రోజున ఇన్‌స్పెక్టర్ గారు వేలితో తడితే ఊడి ఆయన చేతిలోకే వస్తుంది. మీ ఇష్టం."

నెలాఖరులోగా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాకపోతే కారు రిజిస్ట్రేషన్ పోతుంది. అప్పుడిక తుక్కే గతి. ఆ మాట నాన్నతో ఎలా చెప్పాలో చక్రికి తెలియదు. గుక్క తిప్పుకోకుండా సంగతంతా ఆమెకి చెప్పేశాడు.

బుడమేరు వాగు పొంగి ఊరు మునిగిన రోజు చక్రి మంగళగిరిలో ఉన్నాడు. చేనేత చీరలు ఆన్‌లైన్లో అమ్మే ఆఫీసు అతనిది. సింగ్‌నగర్ ఇంట్లో నాన్న రత్తయ్య ఒక్కడే చిక్కుకుపోయాడు. ముప్పై ఏళ్ళ పైగా ఆ కారునే టాక్సీగా నడిపి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. నీళ్ళు నడుం దాటేసరికి వాకిట్లో ఉన్న కారు బానెట్ ఎక్కాడు. అక్కణ్ణించి టాపెక్కి నిలబడ్డాడు. పక్క మేడ వాళ్ళు చీరలు ముడేసి ఆయన్ని పైకి లాక్కున్నారు. కారు మాత్రం వారం రోజులు నీళ్ళలోనే ఉండిపోయింది.

"ఇంజను అప్పుడే బాగు చేయించాం. రేకులు లోపల్లోపల తినేశాయి. ప్రాణం నిలబెట్టిన దాన్ని తుక్కుకి ఇచ్చే పనైతే నన్నూ అక్కడే దింపేసి రారా అంటాడండీ మా నాన్న."

శ్రీదుర్గ కారు టాపు మీద చెయ్యేసి మెల్లగా నిమిరింది.

"పన్నెండొద్దు. పది రోజుల్లో ఇస్తా," అంది.

ఆ రోజు నుంచీ ఆఫీసు అవగానే చక్రి బైకు నేరుగా ఆటోనగర్ చేరేది. రోజుకో వంక. మొదటి రోజు కాగితాలు మర్చిపోయాడట. రెండో రోజు తాళం సరిగ్గా ఇచ్చాడో లేదోనని అనుమానమట.

"మీకు ఆఫీసులో పని ఉండదా చక్రి గారూ?"

"ఉంటుందండీ. కారు మీద బెంగ."

"కారు అటుంది. మీరు చూస్తోంది ఇటు."

చక్రి చటుక్కున కారు వైపు తిరిగి, టైరుని ఎంతో శ్రద్ధగా పరిశీలించాడు. స్టూలు మీద కూర్చున్న హనుమయ్య గొంతు సవరించుకున్నట్టు దగ్గాడు.

మూడో రోజు ఎడమ వైపు పాత రేకు కోసి కింద పడేసింది శ్రీదుర్గ. ఆ చప్పుడుకి హనుమయ్య చెయ్యి చాపాడు. రేకు ఒళ్ళో పెట్టుకుని అంచులు వేళ్ళతో తడిమాడు.

"ఇది నా చేతి పనేనే అమ్మాయ్! లోపలి వైపు తారు గీకి చూడు."

ఆమె గీకింది. మేకుతో గీసిన అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. చక్రి వంగి చదివాడు. "ఈ బండి ఎక్కినోళ్ళని కాపాడు తల్లీ. హనుమయ్య, 1996."

"రేకు మూసేముందు లోపల ఒక మాట గీస్తాం," అంది శ్రీదుర్గ. "మా తాత నాటి అలవాటు. మళ్ళీ తుప్పు పట్టి కోస్తే తప్ప ఎవరికీ కనపడదు."

చక్రికి కళ్ళు చెమ్మగిల్లాయి. గబగబా వెళ్ళి ముసలాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ మాట నిలిచిందండీ. మా నాన్న బతికాడు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలీడం లేదు."

"నేను గీశాను బాబూ, అంతే. మోసింది బండి," అన్నాడు హనుమయ్య.

అంతలో వాన మొదలైంది. ఇంటికి వెళ్ళాల్సిన చక్రి రేకుల చూరు కింద గంటసేపు నిలబడిపోయాడు. వాన అరగంటకే తగ్గిందన్న సంగతి శ్రీదుర్గ చెప్పలేదు, అతనూ గమనించనట్టే ఉన్నాడు.

మర్నాడు మంగళగిరి చున్నీ ఒకటి తెచ్చిచ్చాడు. నీలం రంగు, సన్నటి జరీ అంచు.

"నిప్పురవ్వలు పడితే జల్లెడైపోతుందండీ ఇది," అంది.

"పని లేని రోజు వేసుకోండి."

"నాకు పని లేని రోజెప్పుడు?" అంది గానీ, చేతులు రెండుసార్లు కడుక్కుని మరీ అందుకుంది. భద్రంగా టిఫిన్ సంచిలో పెట్టుకుంది.

అంతా బాగుందనుకుంటుండగా శుక్రవారం సాయంత్రం ఆమె ఒక బాంబు పేల్చింది.

"రేపు మాత్రం షెడ్డుకి రాకండి."

"ఎందుకని?"

"రావద్దంటే రావద్దంతే."

హనుమయ్య ముసిముసిగా నవ్వాడు. "రేపు అమ్మాయికి ముఖ్యమైన పనుంది బాబూ."

ఇంకేముంది, పెళ్ళిచూపులే! ఇంటికెళ్ళి అన్నం కెలుకుతూ తేల్చేసుకున్నాడు చక్రి. పెళ్ళికొడుకు ఎవడై ఉంటాడు? సొంత లారీలున్న వాడెవడో అయ్యుంటాడు. పొద్దున్నే స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని, బైకు తీశాడు.

షెడ్డులో పెళ్ళివారెవరూ లేరు. శ్రీదుర్గ ఒక్కతే నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో కొత్త రేకు పెట్టుకుని, మేకుతో ఏదో గీస్తోంది. అతన్ని చూడగానే రేకుని గుండెలకి హత్తుకుంది.

"రావద్దన్నానా?"

"పెళ్ళిచూపులనుకున్నానండీ."

"అనుకుంటే అసలు రాకూడదుగా?"

"చెడగొడదామనే వచ్చా."

అనేశాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. నాలుక కరుచుకున్నాడు. శ్రీదుర్గ అతన్ని ఎగాదిగా చూసింది. మంచి చొక్కానీ, తడి జుట్టునీ కూడా చూసింది.

"బండి వాళ్ళు ఇది చదవకూడదు. అందుకే రావద్దన్నా," అని వెల్డింగ్ ముసుగు మొహం మీదికి లాక్కుంది. "మంట పెడుతున్నా. అటు తిరగండి."

నల్లటి అద్దం వెనక ఆమె నవ్వుతోందో, కోప్పడుతోందో చక్రికి అంతుపట్టలేదు. ఇక షెడ్డుకి వెళ్ళే ధైర్యం చాలలేదు. చెప్పిన రోజుకి కారు తెచ్చుకోవడానికి కూడా స్నేహితుణ్ణి పంపాడు.

ఫిట్‌నెస్ రోజున ఇన్‌స్పెక్టర్ టార్చి పట్టుకుని కారు కిందికి వంగాడు. చక్రాల మీది రేకుల్ని చిన్న సుత్తితో టకటకా కొట్టాడు. వెనక సీట్లో రత్తయ్య ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"ఎవరయ్యా చేసింది ఈ పని?"

"శ్రీదుర్గ గారండీ," అన్నాడు చక్రి నీరసంగా.

"ఇలాంటి పని చూసి ఎన్నాళ్ళయిందో! తీసుకెళ్ళండి. పాస్."

రత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ, "ఇంటికి కాదురా. ముందు ఆ పిల్ల దగ్గరికి పోనియ్," అన్నాడు.

చక్రి గొణుగుతూనే బండి అటు తిప్పాడు. షెడ్డు ముందు ఆగీ ఆగగానే రత్తయ్య దిగి, కుంటుకుంటూ వెళ్ళి హనుమయ్యని కావలించుకున్నాడు.

"మేస్త్రీ, నువ్వు గీసిన మాటే నన్ను నీళ్ళలోంచి లేపిందయ్యా."

తర్వాత శ్రీదుర్గ వైపు తిరిగాడు. ఆ రోజామె ఖాకీ చొక్కాలో లేదు. భుజం మీద నీలం చున్నీ ఉంది. రత్తయ్య రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, నా బండిని బతికించావు. నీ మేలు మర్చిపోను."

"అయ్యో, మీరు నాకు దణ్ణం పెట్టడమేంటి మావయ్యా!" అంటూ శ్రీదుర్గ ఆయన చేతులు పట్టుకుంది.

మావయ్యా! చక్రి చేతిలోంచి కారు తాళాలు జారి కింద పడ్డాయి. రత్తయ్య కొడుకుని చూశాడు, మేస్త్రిని చూశాడు.

"నాకు చూపు మసకేసింది గానీ చెవులు బానే పనిచేస్తున్నాయి," అన్నాడు హనుమయ్య. "మావయ్యా అంది మా అమ్మాయి. మీరేమంటారు?"

"అనడానికేముందయ్యా? మా అదృష్టం. రా, టీ తాగుదాం," అంటూ రత్తయ్య ఆయన్ని చెయ్యి పట్టుకుని టీ కొట్టు వైపు నడిపించుకెళ్ళాడు.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. చక్రి ఆమె దగ్గరికి జరిగాడు.

"ఇప్పుడైనా చెప్పు. రేకు వెనక ఏం రాశావ్?"

"చెప్పకూడదన్నానుగా. మళ్ళీ తుప్పు పట్టినప్పుడు కోసి చూసుకో."

"ఎన్నేళ్ళకి పడుతుంది?"

"నాన్న చేసింది ముప్పై ఏళ్ళు ఆగింది. నాది ఇంకో అయిదేళ్ళు ఎక్కువే ఆగుద్ది."

"సరే, ముప్పై అయిదేళ్ళు చూస్తా. ఇక్కడే, నీ పక్కనే."

శ్రీదుర్గ వంగి తాళాలు తీసి అతని చేతిలో పెట్టింది. ఆ చెయ్యి వెంటనే వదల్లేదు.

"అన్నేళ్ళూ నిలబడే ఉంటావేంటి? ఆ స్టూలు లాక్కుని కూర్చో," అంది.