ముప్పై రెండు థ్రెడ్ల అబద్ధం

ఉదయం తొమ్మిది పదికి గ్రాంట్ రోడ్ స్టేషన్ బ్రిడ్జి మీద బుచ్చన్నను చంపేశారు. చుట్టూ ఉన్న జనం గుండెపోటు అనుకున్నారు. మెడ మీద చీమ కుట్టినంత చుక్క ఉంది. ఆ చుక్కను పోస్ట్‌మార్టం డాక్టరు వదిలిపెట్టలేదు. మధ్యాహ్నానికి ఏజెంట్ సారిక నాగ్‌పాడాలో, వాటర్ ఫిల్టర్ రిపేరు బోర్డు వెనకాల ఉన్న ఆఫీసులో చీఫ్ పెంటయ్య ముందు నిలబడి ఉంది.

"పాయిజన్ నీడిల్," అన్నాడు చీఫ్. "మూడు నెలల్లో ఇది నాలుగోది. విదేశీ ముఠా. చంపేవాడి కోడ్ నేమ్ 'గుర్రం'. వాడికి ఆర్డర్లు ఎలా అందుతున్నాయో తెలియదు. ఫోన్ లేదు, మెయిల్ లేదు. దారి దొరికిందని బుచ్చన్న నిన్న సాయంత్రం మెసేజ్ పెట్టాడు. ఇవాళ పది గంటలకి వచ్చి చెప్తానన్నాడు."

"నాకు గుర్రం కావాలి సర్."

"నాకూ కావాలి. ప్రాణంతో. ఇది మిషన్ సారికా, నీ ఇంటి పగ కాదు."

కామాఠీపురా పదకొండో గల్లీలో వరస గదుల చాల్‌లో, మూడో అంతస్తు వరండాలో, ఏడేళ్ల వయసులో సారికకు చదరంగం నేర్పింది బుచ్చన్న. చాల్ వాళ్లందరికీ ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. ఇరవై రెండేళ్లుగా డిపార్ట్‌మెంటుకి కోడ్‌లు విప్పుతున్న మనిషని తెలిసింది ఇద్దరికే. ఒకరు సారిక. రెండోవాడు విక్కీ. అదే వరండాలో, అదే బోర్డు ముందు కూర్చుని నేర్చుకున్నవాడు.

చాల్ మెట్ల మీదే విక్కీ ఎదురయ్యాడు. క్రీమ్ కలర్ లినెన్ కోటు, సినిమా పోస్టరులోంచి దిగొచ్చినట్టుండే మొహం. కంప్యూటర్ ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి ఆడుకునే ఆన్‌లైన్ చెస్ టోర్నమెంటుకి కామెంటేటర్ వాడు. ఆ ముఠాలో దూరి మనకు వార్తలు మోస్తాడని వాణ్ని డిపార్ట్‌మెంటులోకి తెచ్చింది కూడా బుచ్చన్నే.

"కాకా పోయిండు సారికా. నమ్మలేకపోతున్నా," అన్నాడు. ఏడుపు కూడా అందంగా ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని, "కాయితాలేమన్న ఇడిసిపెట్టిండా?" అని అడిగాడు.

"తెల్వదు," అంది సారిక.

ఒంటి గది ఖోలీలో బుచ్చన్న భార్య మంగళ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. సారికను చూసి లేచింది. తలుపు గడియ పెట్టి, బియ్యం డబ్బాలోంచి మడత పెట్టిన కాగితం తీసింది.

"పొద్దుగాల పోయేటప్పుడు ఇచ్చిండు. సారికకు తప్ప ఎవ్వలకు ఇయ్యొద్దన్నడు."

"వాణ్ని సంపుత చిన్నమ్మా. నా చేతులతోని సంపుత."

"వద్దు బిడ్డా. సస్తే ఆనికి సుకం. బతికుండంగనే నా ముంగటికి తీస్కరా. రోజూ లేసి యాది జేస్కోవాలె వాడు."

సారికకు ఆ మాట నచ్చలేదు. అయినా తల ఊపింది.

కాగితం మీద రెండు లాగ్‌లు ప్రింటు చేసి ఉన్నాయి. చెస్ ప్రోగ్రాము ఆలోచించేటప్పుడు వరసగా రాసుకుంటూ పోయే చిట్టా అది. ఎన్ని ఎత్తుల లోతు చూసింది, స్కోరు ఎంత ఇచ్చింది, మొత్తం ఎన్ని స్థితులు పరిశీలించింది, అన్నీ అందులో ఉంటాయి. టోర్నమెంటు సైటులో ప్రతి ఉదయం ఎనిమిదింటికి ఎవరైనా చూసేలా వీటిని పెడతారు. ఈ రెండూ ఒక విదేశీ టీము ప్రోగ్రామువి, వేరు వేరు రోజులవి, ఆట మాత్రం ఒకే స్థితికి వచ్చింది. పైన "థ్రెడ్స్: 32" అని ఉంది, అంటే ముప్పై రెండు చేతులు ఒకేసారి వెతికినట్టు. ఇరవై నాలుగో లోతు దగ్గర రెండు లాగ్‌లలోనూ స్థితుల సంఖ్య 48,16,20,337 కింద ఎర్ర గీత ఉంది. పక్కన బుచ్చన్న చేతిరాత: "మా నాయన గోడ."

సారిక ఆ మాట గుర్తుపట్టింది. బుచ్చన్న తండ్రి మేస్త్రీ. ఆయన మాటను బుచ్చన్న ఆటలో వందసార్లు చెప్పేవాడు. నలుగురు కలిసి ఒకే గోడ కడితే, రెండు రోజులు ఒకే లెక్క ఇటుకలు పడవు. ఒకడు తంబాకు నలుపుతాడు, ఒకడు ముందు ఉరుకుతాడు, వాడి చేతి పని ఇంకొకడి పనిని మారుస్తుంది. లెక్క అచ్చంగా ఒకటే పడిందంటే ఆ గోడ నలుగురు కట్టలేదు, ఒక్కడే కట్టాడు.

ముప్పై రెండు థ్రెడ్లు కూడా అంతే. ఒకే పట్టిక చూసుకుంటూ పక్కపక్కన వెతుకుతాయి. ఏది ముందు చేరుతుందన్నది ప్రతిసారీ మారుతుంది, కాబట్టి ఆ సంఖ్య మళ్లీ రాదు. చివరి అంకెతో సహా వచ్చిందంటే వెతికింది ఒక్కటే థ్రెడ్. ఒక్క థ్రెడ్ అయితే ఎవరి కంప్యూటర్‌లో నడిపినా అదే సంఖ్య వస్తుంది.

ఆమె లాప్‌టాప్ తెరిచి, సైటులో అందరికీ దొరికే అదే ప్రోగ్రామును ఒక్క థ్రెడ్‌తో నడిపింది. 48,16,20,337. గుర్రం కూడా ఇదే పని చేస్తున్నాడన్నమాట. తన సంఖ్య పక్కన సైటులోని సంఖ్య పెట్టుకుంటాడు. తేడా లేకపోతే ఆ రోజు సెలవు. తేడా ఉంటే అదే ఆర్డర్.

ఇవాళ ఉదయం పెట్టిన లాగ్ తీసి, అందులోని స్థితిని నడిపింది. లైను తరవాత లైను, సైటు సంఖ్యలోంచి తన సంఖ్యను తీసివేసింది. రెండు. ఇరవై ఒకటి. మూడు. ఎనిమిది. ఇంగ్లిష్ అక్షరాల వరస. బి, యు, సి, హెచ్. ఆ వెనకే టైము, తొమ్మిది పది. ఆ వెనకే బ్రిడ్జి.

పసిపిల్లల కోడ్. ఇంకొక్క తీసివేత చేసి ఉంటే బుచ్చన్న బతికేవాడు. సారికకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది.

చీఫ్‌కి ఫోన్ చేసింది. "కాకా రోజుకో దారిన వెళ్తాడు సర్. ఇవాళ తొమ్మిది పదికి ఆ బ్రిడ్జి మీదికి రమ్మన్నది ఎవరు?"

అటువైపు రిజిస్టరు పేజీలు తిరిగిన చప్పుడు. "విక్కీ. అర్జెంటు మీటింగ్ అన్నాడట."

"అయితే రేపటి లాగ్ మనం రాద్దాం సర్. ఆ పేజీ ఒక్క గంట మన చేతిలోకి తెప్పించండి."

"ఏం రాస్తావు?"

"ఇరవై రెండు, తొమ్మిది, మూడు, పదకొండు, ఇరవై అయిదు. ఆ వెనకే టైము పదకొండు, చోటు ఫాక్‌లాండ్ రోడ్డు చాయ్ బండి."

చీఫ్ వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టుకున్నాడు. "విక్కీ చచ్చిపోతే?"

"అక్కడే ఉంటాను కదా సర్," అంది సారిక. ఆ జవాబు చీఫ్‌కి అంత ధైర్యం ఇవ్వలేదు. అయినా ఒప్పుకున్నాడు.

మర్నాడు పదకొండింటికి ఫాక్‌లాండ్ రోడ్డు మూల మీద కొత్త బిల్డింగుకి స్లాబ్ పడుతోంది. మహబూబ్‌నగర్ ఆడవాళ్లు ఘమేలాల్లో, ఆ ఇనప తట్టల్లో, కాంక్రీటు మోస్తున్నారు. వాళ్లలో ఒకరు సారిక. కొంగు బిగించి, మొహానికి సగం దాకా ముసుగు లాక్కుంది. తల మీది చుట్టబట్టలో మైకు ఉంది. పై మెట్టు మీద కాంక్రీటు అందుకుంటున్న ముగ్గురు కూలీలు చీఫ్ మనుషులు. వాళ్లు చేసే పని చూసి మేస్త్రీ అప్పటికి రెండుసార్లు తిట్టాడు.

ఎదురుగా చాయ్ బండి దగ్గర విక్కీ, అదే క్రీమ్ కోటులో. కాగితం ఇస్తానని సారిక ఫోన్ చేస్తే పది నిమిషాలు ముందే వచ్చాడు. ఆమె నెత్తిన నిండు ఘమేలాతో వెళ్లి అతని వెనకాల ఆగింది.

"తిరిగి చూడకు విక్కీ. గుర్రం వస్తున్నడు. నీ కోసమే."

విక్కీ ముందు బిగుసుకున్నాడు. గొంతు పోల్చుకుని నవ్వాడు. "నా కోసం ఎందుకొస్తడు? పేర్లు పంపేది నేను. వాడు..."

నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. చుట్టబట్టలో మైకు అన్నీ వింది.

"కాకా పేరు కూడనా?"

"కాకా లాగ్‌లు చూస్తున్నడు సారికా. ఇంక రెండు రోజులైతే నా పేరు చెప్పేటోడు. నాకు వేరే ఎత్తు లేకుండె."

రోడ్డు దాటి ఒక డెలివరీ వాడు వస్తున్నాడు. వీపున సంచీ, తలకి హెల్మెట్, కుడిచేతికి మాత్రమే గ్లవ్. విక్కీ ఆ గ్లవ్‌ను చూశాడు. అది ఎవరిదో వాడికి తెలుసు. కాళ్లు కదలలేదు. "సారికా," అన్నాడు. "సారికా, ప్లీజ్."

సారిక మనసులో లెక్కపెట్టింది. ఒకటి. బ్రిడ్జి మీద బుచ్చన్న ఎవరినైనా పిలిచాడో లేదో. రెండు. ఊరికే నిలబడితే చాలు, ఏమీ చెయ్యక్కర్లేదు. మూడు. రోజూ లేసి యాది జేస్కోవాలె వాడు.

గ్లవ్ విక్కీ మెడకి బెత్తెడు దూరంలోకి వచ్చింది. నెత్తి మీది ఘమేలా గిర్రున దిగి మధ్యలోకి వచ్చింది. సూది ఇనుముకి తగిలి పుటుక్కున విరిగింది. తట్టెడు పచ్చి కాంక్రీటు విక్కీ నెత్తిన, కోటు మీద, బూట్ల మీద పడింది. ఆ రోజు పొద్దున్నించీ ఒక్క తట్టా సరిగ్గా అందుకోలేని ముగ్గురు కూలీలు గుర్రాన్ని మాత్రం ఎగిరి అందుకున్నారు.

అరగంటకి జీపు పదకొండో గల్లీలో ఆగింది. మంగళ కిందికి దిగి వచ్చింది. బేడీలతో, సిమెంటు మొహంతో ఉన్నవాణ్ని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. పోల్చుకున్నాక కొంగు నోట్లో కుక్కుకుంది.

"నా ఖోలీల తిన్న అన్నం యాదికుందారా విక్కీ?"

విక్కీ ఏడ్చాడు. ఈసారి అందంగా ఏడవలేదు.

"ఉండనియ్యి," అని ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం చీఫ్ రికార్డింగ్ రెండుసార్లు విన్నాడు. "వాడు ప్లీజ్ అన్నాక మూడు సెకన్లు నువ్వు కదల్లేదు. ఎందుకు?"

"రెండు ఎత్తులు కనిపించాయి సర్. రెండిటికీ ఒకే స్కోరు వచ్చింది."

చీఫ్ పెన్ను తీసి, రిపోర్టులో ఆలస్యానికి కారణం అన్న చోట రాశాడు: ఘమేలా బరువు.