కిందింట్లో ఇంగ్లీషు పాఠం

పాలు పొంగాయి, చల్లారాయి కూడా. అయినా అమ్మ పైకి రాలేదు. కాస్త పంచదార అడిగొస్తానని కిందింటికి వెళ్ళిన మనిషి! వారం నుంచీ పొద్దున్నే ఇదే వరస.

పేపర్లు దిద్దీ దిద్దీ కళ్ళెర్రబడ్డ కూతురు టీచరమ్మ విసుక్కుంటూ మెట్లు దిగింది. అమ్మది హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని. నిలబడీ నిలబడీ మోకాళ్ళు అరిగిపోయాయి. అక్కడే కౌంటర్లో కూర్చుని చేసే పనొకటి ఖాళీ అయింది. రేపు మేనేజరు ముందు నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడితే అది ఆమెదే. లేదంటే మళ్ళీ ఆ ఇస్త్రీ బల్లే గతి.

కిందింటి తలుపు ఓరగా ఉంది.

"ఐ ఎంజాయ్ టు వర్క్," అంటోంది అమ్మ.

"ఎంజాయ్ పక్కన టు రాదు పిన్నీ, వర్కింగ్ అనాలి. వాంట్ పక్కనైతే టు వర్క్," అంది ఆ ఇంటి కోడలు. సాయంత్రాలు టీచరమ్మ దగ్గరే చదువుకునే పిల్ల.

"అయ్యో రాత! మళ్ళీ తప్పేనా?" అమ్మ పకపకా నవ్వింది.

"తప్పొస్తే కొంపలేం మునగవు పిన్నీ. మీ అమ్మాయిగారు మాతో ఎప్పుడూ అదే అంటారు."

టీచరమ్మ చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగింది. అమ్మ పైకి రాగానే మాత్రం ఆగలేకపోయింది.

"ఇంట్లో నేనుండగా ఇంకొకరి గుమ్మం తొక్కాలా? నా పరువేం కాను?"

"నిన్నడగలేదా ఏంటి? రెండోసారి అడిగేసరికి పెన్ను విసిరేసి, నీ బుర్రకెక్కదు వదిలెయ్ అన్నావు."

"అలిసిపోయి అన్నానమ్మా..."

"తెలుసులేవే. ఉన్న ఓపికంతా బయటి పిల్లలకి పంచేసి వస్తావు. మిగిలితే కదా నాకు పెట్టేది?"

అమ్మ గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"ఏదీ, ఇప్పుడు నాకు చెప్పు," అంది టీచరమ్మ స్టూలు లాక్కుని.

"నీకు ఆలస్యం అవుతుందే."

"అవనీ."

"ఐ వాంట్ వర్కింగ్..." అమ్మ ఆగిపోయింది. ఎక్కడ తప్పిందో తెలీక కూతురి మొహంలోకి చూసింది. చూస్తూనే, దెబ్బ పడబోతున్న పసిపిల్లలా భుజాలు ముడుచుకుంది.

టీచరమ్మ స్టూలు దిగి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. అమ్మ ఒళ్ళో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏమే, అంత పెద్ద తప్పు చెప్పానా?" అమ్మ కంగారుగా ఆమె తల నిమిరింది.

"లేదమ్మా. ఒక్క ముక్కే," అంది కూతురు తలెత్తకుండానే. "మెల్లిగా చెప్పు, వింటాను."