రెండో అంతస్తు, నాలుగో కిటికీ

నవంబరు 19, ఉదయం 8.10. వియన్నాలోని గ్లావానిక్ హోటల్, 31వ నంబరు గదిలో ఒక అతిథి చనిపోయాడు. పెరటి వైపు కిటికీలోంచి ఒక్క గుండు వచ్చింది. ఆ గది బుక్ చేసింది రోజ్‌విథా కైన్‌రాత్.

ఆమెకు యాభై నాలుగేళ్లు. ఆస్ట్రియా గూఢచారి శాఖలో పందొమ్మిదేళ్లుగా ఒకటే పని. రహస్యంగా వచ్చేవాళ్లకు బస ఏర్పాటు చేయడం. ఏ హోటల్, ఏ గది, ఏ తలుపులోంచి లోపలికి, టిఫిన్ ఎన్నింటికి, అన్నీ ఆమే రాస్తుంది. తుపాకీ తీసుకోమని శాఖ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ వద్దంది.

హోటల్లో దిగిన ప్రతి మనిషీ నమోదు పత్రం మీద సంతకం చేయాలని అక్కడి చట్టం. అందులో వచ్చిన తేదీకి ఒక గడి, వెళ్లిన తేదీకి ఒక గడి ఉంటాయి. 31వ గది పత్రంలో రెండో గడి ఖాళీగా ఉండిపోయింది. అది నింపి పంపమని గ్లావానిక్ హోటల్ చలికాలంలో ఆమెకు మూడు ఉత్తరాలు రాసింది. మూడూ ఆమె బల్ల సొరుగులో ఉన్నాయి. దేనికీ జవాబు వెళ్లలేదు.

మార్చి 6, గురువారం, ఉదయం తొమ్మిదింటికి పై అధికారి లైట్‌గెబ్ ఆమెను పిలిచాడు. ఆయన హోదా హోఫ్రాట్. వియన్నాలో హోదా ఉన్న మనిషిని పేరు పెట్టి ఎవరూ పిలవరు. ఆయన భార్య కూడా నలుగురిలో ఉన్నప్పుడు హోఫ్రాట్ గారనే అంటుంది.

"ఒక్క మనిషి, రెండు రాత్రులు. ఆదివారం రైల్లో వస్తాడు, మంగళవారం వెళ్తాడు" అన్నాడు లైట్‌గెబ్.

"ఎవరండీ?"

"రసాయన శాస్త్రవేత్త. వాళ్ల దేశంలో విషవాయువు ఫ్యాక్టరీలో పనిచేశాడు. అదెక్కడుందో సోమవారం పదింటికి అంతర్జాతీయ తనిఖీ బృందానికి చెప్తాడు. పదింటిదాకా ఆయన బతికుండాలి."

"తర్వాతో?"

"తర్వాత కూడా బతికుంటే మరీ మంచిది, కైన్‌రాత్ గారూ."

ఆయన నోరు విప్పకుండా ఆపాలనుకుంటున్నది పింగాణీ ముఠా. ఆ పేరు శాఖ పెట్టుకున్నది; ముఠా పెద్ద పైకి కప్పులూ సాసర్లూ ఎగుమతి చేసేవాడు. నవంబరు పని కూడా వాళ్లదే. అప్పుడు గది నంబరు ముగ్గురికే తెలుసు. లైట్‌గెబ్, రోజ్‌విథా, బ్రస్సెల్స్ నుంచి వచ్చి అక్కడి శాఖకూ ఇక్కడి శాఖకూ మధ్య పని నడిపే లైజాన్ ఆఫీసర్ కమీల్ దెస్ట్రే. విచారణలో ముగ్గురి తప్పూ లేదని తేల్చారు. రోజ్‌విథా మాత్రం అది తన చేతిలోంచే జారిందనుకుంది. ట్రాములో కాగితం తెరిచిందేమో, ఫోనులో గట్టిగా మాట్లాడిందేమో. నాలుగు నెలలుగా ఆ ఒక్క రోజునే తిరగేసి మరగేసి చూస్తోంది. రాత్రి లేచి తన ఇంటి తలుపు గడియ మూడుసార్లు చూసుకోవడం అలవాటైపోయింది.

కమీల్ ఆ గదిలోనే, కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆకుపచ్చ కోటు వేసుకుంది. ఆమె ఆఫీసుకు వచ్చిన రోజు జిరాక్స్ మిషను దగ్గర మగవాళ్ల క్యూ పెరిగేది. మూడేళ్లుగా వియన్నాలో ఉంటోంది, జర్మన్ తడుముకోకుండా మాట్లాడుతుంది. ఊరి నడిబొడ్డున రింగ్ రోడ్డు మీద పెద్ద హోటల్ అయితే నయమని ఆమె సలహా ఇచ్చింది. అక్కడ కెమెరాలుంటాయి, గార్డులుంటారు అంది. రోజ్‌విథా ఒప్పుకోలేదు. పెద్ద హోటల్లో నాలుగు వందల మంది సిబ్బంది, అందులో రోజుకు పదిమంది కొత్తవాళ్లు.

ఆ రోజు రోజ్‌విథా నాలుగు హోటళ్లు చూసింది. ఒకదానికి వెనక గుమ్మం లేదు. ఒకదాని పక్కన గోడకు పరంజా కట్టి ఉంది. మూడోదాంట్లో రిసెప్షన్ కుర్రాడు ఆమె అడగకుండానే వేరే అతిథి పేరు చెప్పేశాడు. చివరికి జోసెఫ్‌స్టాట్ పేటలో ట్రాట్నిక్ హోటల్ ఖాయం చేసింది. నూట ముప్పై ఏళ్ల కట్టడం, ఇరవై ఆరు గదులు. ప్లాను ఒక పేజీ రాసి మూడు ప్రతులు తీసింది. "గది 22. రెండో అంతస్తు, వీధి వైపు, ఎడమ నుంచి నాలుగో కిటికీ. టిఫిన్ గదికే పంపాలి. కర్టెన్లు తీయరాదు."

కమీల్ తన ప్రతి రెండుసార్లు చదివింది. "వీధి వైపా?" అంది.

"పోయినసారి పెరటి వైపు పెట్టాను" అంది రోజ్‌విథా.

కమీల్ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

శుక్రవారం నుంచి రోజ్‌విథా ఆ వీధిలో రోజుకు నాలుగుసార్లు నడిచింది. వేషం అంటూ వేయలేదు. లైట్‌గెబ్ పెంచుకునే పొట్టికాళ్ల కుక్క ఫ్లోకీని గొలుసు కట్టి తీసుకెళ్లింది. కుక్కతో ఉన్న ఆడమనిషి ఎక్కడ ఎంతసేపు ఆగినా వియన్నాలో ఎవరూ ఎందుకని అడగరు. హోటల్‌కు ఎదురింటి కిటికీలు ఇరవై నాలుగు. దేనికి ఏ కర్టెను, ఏది ఎప్పుడు తెరుస్తారు, అన్నీ కంఠతా పట్టింది.

ఆదివారం సాయంత్రం 5.20కి పశ్చిమ స్టేషనులో అతిథి దిగాడు. డెబ్బై ఏళ్లు, చేతిలో ఒక్క సంచి.

"ఈ రైలు లింట్స్‌లో ఆగిందాండీ?" అని రోజ్‌విథా అడిగింది.

"ఆగింది. నాకు దిగబుద్ధి కాలేదు" అన్నాడాయన. కోడ్ సరిపోయింది. అప్పటినుంచి ఆయన పేరు డాక్టర్ ఓట్‌మార్ కీల్.

హోటల్లో లిఫ్టు సామాన్లకే. డాక్టర్ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి రొప్పాడు. రెండో అంతస్తని చెప్పి మూడు మేడలెక్కించారని సణిగాడు.

"మధ్యలోది మెజానిన్ అండీ. అది లెక్కలోకి రాదు" అన్నాడు రిసెప్షన్‌లో ఉండే పోకోర్నీ, సంచి మోస్తూ.

"నా మోకాళ్లకు వచ్చింది."

పోకోర్నీ ముప్పై ఒక్క ఏళ్లుగా అదే బల్ల వెనక ఉన్నాడు. సంచి దించి, జేబులోంచి నమోదు పత్రం తీశాడు. రోజ్‌విథా అడ్డుపడింది. డాక్టర్ చేతిరాత ఎక్కడా మిగలకూడదని శాఖ ఆదేశం. సంతకం తర్వాత చూద్దామంది. పోకోర్నీ ఒప్పుకోలేదు. గుర్తింపు కార్డు చూపించింది. కార్డు రెండు వైపులా చదివి తిరిగిచ్చాడు.

"అమ్మా, మీరు గూఢచారి శాఖైతే కావచ్చు. సంతకం పెట్టని మనిషి నా లెక్కలో ఇంకా హోటల్‌కి రానట్టే."

"రేపు పెట్టిస్తాను."

"రేపు పొద్దున. నేను ఏడింటికి వస్తా."

వెళ్లబోయే ముందు రోజ్‌విథా డాక్టర్ చెవికి వినికిడి మిషనులా కనిపించే రిసీవర్ తగిలించింది. తన కాలరులోని మైకులో ఏం చెప్పినా ఆయనకు వినిపిస్తుంది. అది తీయొద్దు, గదిలోంచి కదలొద్దు, కర్టెన్ ముట్టుకోవద్దు అని మూడుసార్లు చెప్పింది. ఒంటరిగా కూర్చుని గుడ్డు తిన్నవాడు మనిషే కాదని ఆయన గొణిగాడు. ఆమె పట్టించుకోలేదు.

సోమవారం, ఉదయం 7.40. ఇద్దరు పోలీసులు మఫ్టీలో హోటల్ వెనక గుమ్మం దగ్గర ఉన్నారు. రోజ్‌విథా ఫ్లోకీతో వీధి మూల తిరిగింది. ఫ్లోకీ ప్రతి స్తంభం దగ్గరా ఆగుతోంది, ఆమె ప్రతిసారీ లాగుతోంది. బయట రెండు డిగ్రీల చలి. ఎదురింటి మీద ఇరవై నాలుగు కిటికీలూ చూసింది. కింది నుంచి మూడో వరుసలో ఒకటి జానెడు తెరిచి ఉంది.

వియన్నా వాళ్లు పొద్దున్నే కిటికీ తెరిస్తే బార్లా తెరుస్తారు. దుప్పట్లు బయటికి వేలాడేస్తారు, గాలి మారగానే బిగించి మూసేస్తారు. జానెడు తెరిచి ఇంట్లో వేడి పోనిచ్చేవాళ్లెవరూ ఆ వీధిలో లేరు.

లోపల పుస్తకాల దొంతర ఉంది. దాని మీద ఒక గొట్టం.

ఆమె ఆగలేదు. కుక్క వెంట నడుస్తూనే ఆ గొట్టం ఎటు చూస్తోందో గమనించింది. ఎడమ నుంచి నాలుగో కిటికీ వైపే. కాని డాక్టర్ గది ఉన్న వరుస కాదు, దాని కింది వరుస. హోటల్‌కు కింద నేలమట్టం, దాని మీద మెజానిన్, ఆపైన ఒకటి, రెండు. 22వ గది నాలుగో వరుస. వీధిలో నిలబడి నేల, ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాళ్లకు రెండో అంతస్తు మూడో వరుస అవుతుంది.

అలా లెక్కపెట్టేది ఈ ఊళ్లో పుట్టనివాళ్లు. ప్లాను చదివిన ముగ్గురిలో లైట్‌గెబ్ పుట్టింది ఇక్కడికి రెండు వీధుల అవతల; బయటి మనిషి కమీల్ ఒక్కతే. నవంబరులో గది నంబరు జారింది కూడా తన చేతిలోంచి కాదు.

ఆ సంగతి ఆమెకు పూర్తిగా అందేలోపే హోటల్ మూడో వరుస నాలుగో కిటికీ కర్టెన్ పక్కకు జరిగింది. ఆ వరుసలో గదులుండవు. అది టిఫిన్ హాలు. డాక్టర్ కీల్ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, వీధిలోకి చూస్తూ, చెంచాతో గుడ్డు నెత్తిన కొడుతున్నాడు.

"డాక్టర్ గారూ, లేవండి. కిటికీ దగ్గర్నుంచి లేవండి" అంది కాలరులోకి. ఆయన తల తిప్పలేదు. రిసీవర్ ఉప్పు డబ్బా పక్కన ఉందని తర్వాత తెలిసింది. నమిలేటప్పుడు చెవిలో గరగరమంటోందని తీసేశాడట.

పోలీసులకు చెప్పింది. వెనక నుంచి ఎదురింటి మూడో వరుసకు రెండు నిమిషాలు పడుతుందన్నారు. అప్పుడు సమయం 7.49. ఆమె రిసెప్షన్‌కు ఫోను కొట్టింది. తుపాకీ అంటే పోకోర్నీ ఎవరిదంటాడు, ఎక్కడంటాడు, మేనేజరును అడగాలంటాడు.

రెండో రింగుకు ఎత్తాడు. హోటల్ పేరు, తన పేరు, శుభోదయం, మూడూ పూర్తిగా చెప్పాడు.

"పోకోర్నీ గారూ, 22వ గది ఆయన సంతకం పెట్టకుండా టిఫిన్ చేస్తున్నారు" అంది రోజ్‌విథా.

అవతల పత్రాల కట్ట తిరగేయడం వినిపించింది.

"టిఫిన్ హాల్లోనా?"

"గుడ్డు కూడా తెప్పించుకున్నారు."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత బూట్ల చప్పుడు, మెట్ల మీద, దూరంగా.

పైన జరిగింది వడ్డించే ఆవిడ తర్వాత పోలీసులకు చెప్పింది. పోకోర్నీ పత్రమూ పెన్నూ పట్టుకుని వచ్చి బల్లకు రెండు అడుగుల దూరంలో నిలబడ్డాడు. రిసెప్షన్‌కు రమ్మన్నాడు. టిఫిన్ బల్ల మీద పత్రానికి మరకలవుతాయన్నాడు. డాక్టర్ గుడ్డు చల్లారిపోతుందన్నాడు.

"గుడ్డుకి నమోదు అక్కర్లేదండీ. మీకు కావాలి" అన్నాడు పోకోర్నీ.

డాక్టర్ రుమాలు బల్ల మీద పడేసి లేచాడు. రెండు అడుగులు వేశాడు. 7.51కి గుండు అద్దంలోంచి వచ్చి, ఆయన కూర్చున్న కుర్చీ వీపులోంచి దూరి, వెనక గోడలో దిగింది. రెండో గుండు రాలేదు. ఎదురింటి మెట్ల మీద పోలీసులు ఒక మనిషిని పట్టుకున్నారు. ఇస్త్రీ బల్ల కవరులో మడత రైఫిలు ఉంది. అది ఇస్త్రీ బల్లేనని అతను చాలాసేపు వాదించాడు.

రోజ్‌విథా లైట్‌గెబ్‌కు ఫోను చేసి, ఆ ఉదయం కమీల్ కాచుకుని ఉంటానన్న వీధి చివరి కాఫీ హోటల్‌కు నడిచింది. ఆకుపచ్చ కోటు కుర్చీ వీపుకు వేలాడుతోంది. కమీల్ ముందు కాఫీ, పక్కన మంచినీళ్ల గ్లాసు, ఇంకా ముట్టుకోని పేపరు. రోజ్‌విథా ఎదురుగా కూర్చుంది. ఫ్లోకీ బల్ల కిందికి దూరింది.

"రెండో అంతస్తంటే కింది నుంచి ఎన్నో వరుస?" అని అడిగింది.

కమీల్ ఆమె ముఖంలోకి చూసింది. "మూడోది. నేల, ఒకటి, రెండు" అంది.

"ఇక్కడ నాలుగోది. మధ్యలో మెజానిన్ ఉంటుంది. కట్టినవాళ్లు అనుమతికి మించి ఒక వరుస లేపి, దానికి అంతస్తని పేరు పెట్టకుండా తప్పించుకున్నారంటారు."

కమీల్ చెంచా సాసరులో పెట్టింది. "మూడేళ్లున్నాను. ఎవరూ చెప్పలేదు."

"మీరు ఎప్పుడూ లిఫ్టులో వెళ్తారు."

"ఆయన బతికే ఉన్నాడా?"

"సంతకం పెడుతున్నాడు."

కమీల్ కోటు వైపు చెయ్యి చాపింది. కుక్క గొలుసు అప్పటికే ఆ కోటు బెల్టుకూ కుర్చీ కాలికీ చుట్టుకుపోయి ఉంది. విప్పేలోపే లైట్‌గెబ్ ఇద్దరు మనుషులతో లోపలికి వచ్చాడు. ఫ్లోకీ యజమానిని చూసి అరిచింది.

పదింటికి డాక్టర్ కీల్ తనిఖీ బృందం ముందు కూర్చున్నాడు. గంటా నలభై నిమిషాలు మాట్లాడాడు. మధ్యలో ఒక ఉడికిన గుడ్డు తెప్పించుకున్నాడు.

మంగళవారం ఉదయం 10.25కి పోకోర్నీ 22వ గది పత్రంలో రెండో గడి నింపాడు. కింద తన సంతకం పెట్టి, సిరా ఆరేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

బుధవారం గ్లావానిక్ హోటల్ నుంచి నాలుగో ఉత్తరం వచ్చింది. రోజ్‌విథా ఖాళీ గడిలో నవంబరు 19 అని రాసి, సంతకం చేసి, మధ్యాహ్నం 12.40కి పోస్టు డబ్బాలో వేసింది.