మూడేసి దెబ్బలు

ఇనుప తలుపు మూసుకుంది. బయట గడియ పడింది. నూజివీడు శివార్లలో మామిడికాయలు మాగబెట్టే గదిలో ఏజెంట్ విక్టర్ ఇరుక్కుపోయాడు. వెంట వచ్చిన తోటి ఏజెంట్ సింధూర మాత్రం బయటే ఉండిపోయింది!

పొద్దున్న బ్రీఫింగ్ ఇచ్చింది ఆమే. విదేశీ ముఠా ల్యాబ్‌లో తయారుచేసిన వైరస్‌ను ఎక్స్‌పోర్ట్ మామిడి పెట్టెలో దాచి గన్నవరంలో విమానం ఎక్కిస్తోందని చెప్పింది. పెట్టె ఈ గదిలోనే ఉందని తీసుకొచ్చిందీ ఆమే. నమ్మినందుకు విక్టర్ తనను తానే తిట్టుకున్నాడు.

గోడకున్న స్పీకర్‌లోంచి ఆమె గొంతు వినిపించింది.

"సారీ విక్టర్ గారూ. పెట్టె వ్యాన్ ఎక్కేసింది. గదిలోకి గ్యాస్ వదిలాను. మీకింక పావుగంటే."

"మన ఒంట్లో కణాలు వైరస్‌ని ఊరికే రానిస్తాయా?" అని అరిచాడు విక్టర్.

"రానివ్వవు. లోపలి కాపలా ప్రతి ఆర్‌ఎన్‌ఎ కొసనీ తడిమి చూస్తుంది. మన ఆర్‌ఎన్‌ఎకి తల మీద టోపీ ఉంటుంది. వైరస్ బోడితలతో దొరికిపోతుంది. వెంటనే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌తో అలారం! పక్క కణాలన్నీ తలుపులు బిగించుకుంటాయి. మా వైరస్‌కి మేం టోపీ తొడిగాం. ఇక అలారమే మోగదు."

స్పీకర్ మూగబోయింది. వాచీలోని ట్రాన్స్‌మీటర్ ఎప్పుడో చచ్చిపోయింది. విక్టర్‌కు భయం వేసింది, తన కోసమూ, ఆ పెట్టె దిగబోయే ఊరి కోసమూ.

పక్క కణాలకు అలారం... ముఠా ఆచూకీ కోసం వారంగా ఈ తోటల్లో వ్యాపారి వేషంలో తిరుగుతున్న అతనికి పక్క తోట కాపలా మగ్దలేనమ్మ మాట గుర్తొచ్చింది. "రేకు డబ్బా ఆగకుండా మోగితే కోతులొచ్చినట్టు బాబూ. మూడేసి దెబ్బలైతే దొంగలు. విన్న ప్రతి తోటా అందుకుంటుంది. ట్రాక్టర్లు రోడ్డుకి అడ్డం పెట్టేస్తాం."

ర్యాక్ నుంచి కడ్డీ ఊడబెరికి, గోడ దాటి వెళ్ళే రేకు గొట్టం మీద కొట్టాడు. మూడు. ఆగి, మళ్ళీ మూడు. జవాబు లేదు. అరచేతులు చిట్లాయి. ఊపిరి అందక మోకాళ్ళ మీద కూలబడి కూడా కొట్టాడు.

దూరంగా డబ్బా మోగింది. మూడు దెబ్బలు. ఆ వెనక ఇంకో తోట, ఇంకో తోట, గన్నవరం రోడ్డు దాకా!

మోత ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వచ్చి గడియ తీసింది మగ్దలేనమ్మ. ఇద్దరూ రోడ్డు మీదికి పరుగెత్తారు. వ్యాన్‌కు అడ్డంగా ట్రాక్టర్ ఉంది. సింధూర బిల్లులు చూపిస్తోంది.

"ఎక్స్‌పోర్ట్ సరుకండీ. ఫ్లైట్ తప్పిపోతుంది!"

రైతులు మెత్తబడ్డారు. ట్రాక్టర్ వెనక్కి కదిలింది. మగ్దలేనమ్మ చటుక్కున పెట్టెలోంచి ఓ కాయ తీసింది.

"ఆపండెహె! తొడిమేదీ? తొడిమ లేకపోతే సొన కారి కాయ మచ్చపడుద్దని మా పసిపిల్లలకీ తెలుసు. ఇది దొంగకోతే!"

పెట్టె బోర్లించారు. కాయల అడుగున ఐస్‌బాక్స్! విక్టర్ దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. ఆడకూలీలు సింధూరను చుట్టేశారు.

"నువ్వు లేకపోతే ఏమైపోయేదో మగ్దలేనమ్మా!"

"నీ మీదా ఓ కన్నేసే ఉంచాను బాబూ. వారం తిరిగినా ఒక్క కాయ వాసన చూడని వ్యాపారి ఎక్కడన్నా ఉంటాడా?"