లోపల వదిలిన గుడ్డ

ఈస్టర్‌కి ముందు రోజు పొద్దున్నే, కిటికీ పక్క కుర్చీలో కునుకు తీస్తున్న భార్య భుజాల మీదికి మెల్లగా టేపు జాపాడు దర్జీ. ఆమె కళ్లు తెరవకుండానే అడిగింది.

“ఏమయ్యా, శవపెట్టెకి కొలతలా?”

టేపు జారి కింద పడింది.

“ఛ! ఆ నోటికి కుట్లు వేస్తాను!”

“నీ కుట్లు నీ దగ్గరే ఉంచుకో. ఆసుపత్రిలో వేసినవి చాలు.”

వీధిలో అందరూ ఆయన్ని కత్తెర మావయ్య అంటారు. కత్తెర కన్నా నాలుకకే పదునెక్కువ. భార్యకి క్యాన్సర్ మందు ఎక్కించిన మొదటి రోజే, “కీమో అంటే ఏమో అనుకున్నాను, సెలైన్ సీసానే కదా!” అని నర్సుల్ని నవ్వించాడు. ఆమె తల నున్నబడ్డప్పుడు, “జుట్టు పోయింది గానీ జట్టు పోలేదుగా!” అంటూ తనూ గుండు గీయించుకొచ్చాడు. ఆ ఇంట్లో దువ్వెనకి అప్పట్నుంచీ సెలవే.

ఏటా ఈస్టర్‌కి ఆమెకో తెల్లగౌను కుడతాడు. అందులో ఆయనకో పట్టింపు. లోకమంతటికీ టేపు, భార్యకి మాత్రం కన్ను. పెళ్లయినప్పట్నుంచీ ఆమె కొలత తీసుకున్నది లేదు, గౌను తేడా వచ్చిందీ లేదు. ఈ ఏడు మాత్రం కంటి మీద నమ్మకం పోయింది. ఆమె ఎంత చిక్కినా, ఎన్నిసార్లు చూసినా దానికి పాత మనిషే కనబడుతోంది మరి.

పొద్దున తీసిన కొలతలతో మధ్యాహ్నానికి గౌను తయారైంది. కూతురు దగ్గరుండి తొడిగింది.

“అమ్మా, అచ్చు గుద్దినట్టుంది!”

అద్దంలో చూసుకున్న ఆమె మొహం మాడిపోయింది.

“అదే కదే నా బాధ! మీ అమ్మ ఇక ఇంతే అని తేల్చేశాడు మీ నాన్న.”

“అది కాదే... వదులుగా వేలాడితే అందరూ జాలిగా చూస్తారని...”

“గడ్డ తగ్గుతోందని డాక్టరమ్మ చెబితే నువ్వు గుడ్డ తగ్గిస్తావా? నేను మళ్లీ ఒళ్లు చేస్తానని నీకుంటే టేపు పట్టేవాడివా? రేపు ప్రభువు సమాధి ఖాళీ అయిన పండగ. నాకేమో ఊపిరాడే ఖాళీ లేకుండా కుట్టావు. నేను చర్చికి రాను.”

కత్తెర మావయ్య మెడలోని టేపు తీసి వేలికి చుట్టసాగాడు.

“మాట్లాడవేం? రోజంతా లొడలొడ వాగేవాడివి!”

ఆమె గౌను విప్పి, పాత నైటీ తగిలించుకుని, మిషను మీది చిన్న కత్తెర అందుకుంది. కుట్లన్నీ పీకేద్దామని గౌను తిరగేసింది. వేళ్లు టక్కున ఆగాయి. పక్క కుట్ల లోపల గుడ్డ మడత మీద మడతగా ఉంది. చేతుల్లోనూ, భుజాల దగ్గరా అంతే.

“ఇదేంటి? ఎవరికీ ఇంత వదలవే!”

“కుట్టు టేపు ప్రకారం వేశాను.” ఆయన ఆ మడతల్ని వేలితో చూపించాడు. “గుడ్డ మాత్రం కంటి ప్రకారమే కత్తిరించాను. నా కంటికి నువ్వేనాడూ చిక్కలేదే. నువ్వు కాస్త పుంజుకున్నప్పుడల్లా ఒక్కో వరస విప్పుతాను. ఆఖరి వరస విప్పితే, అది నీ పాత కొలతే.”

కూతురు కళ్లొత్తుకుంది. “ఆ మాటేదో ముందే చెప్పొచ్చుగా నాన్నా!”

“దర్జీ పనంతా లోపలే ఉంటుందమ్మా.”

ఆమె ఆ మడతల్ని చాలాసేపు నిమిరింది. ఓ కన్నీటి చుక్క తెల్లగుడ్డ మీద పడింది. కత్తెర ఆయన చేతికిచ్చింది.

“ఒక వరస ఇప్పుడే విప్పు.”

“ఇప్పుడా? వదులైపోతుంది కదే.”

“అవనీ. విప్పడం నీ పని, నిండడం నా పని.”

మర్నాడు పొద్దు పొడుస్తుండగా చర్చి మెట్ల దగ్గర గాలి వీచింది. వదులు గౌను తెరచాపలా పొంగింది. జాలిపడదామని దగ్గరికొచ్చిన వాళ్లని ఆమే ముందు పలకరించింది. మెట్టెక్కుతూ మొగుడి వైపు తిరిగింది.

“టేపు జేబులో లేదు కదా?”

“ఇంట్లోనే పారేశానే.”

“మంచి పని చేశావు. చెయ్యివ్వు, పద.”