ఇరవయ్యో నిమిషం

"ఆ మామిడిచెట్టు కింద కూర్చున్నావిడ లెక్కలోకి రాదండీ" అన్నాడు బోవెయ్.

యున్‌రుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎందుకు రాదు? మా వైపే చూస్తూ కూర్చుందిగా."

"బస్సు కోసం కూర్చుందండీ."

"నవ్వింది కూడా. తెర సందులోంచి నా కళ్ళారా చూశాను."

"ఒక్కసారి నవ్వింది. బస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయింది. చూడండి కావలిస్తే."

యున్‌రు చూసింది. చెట్టు కింద బెంచీ ఖాళీ. ఇలాంటి మనుషులు దేవుడి దగ్గర కూడా రసీదు అడుగుతారని తిట్టుకుంటూ, పులిబొమ్మని పెట్టెలో పడేసింది.

తైనాన్‌లో ఎండాకాలం సెలవులు వచ్చాయంటే శనివారం సాయంత్రం ఐదింటికి కాలువ పక్క పార్కులో ఏదో ఒక ఆట ఉంటుంది. సాంస్కృతిక శాఖ వాళ్ళు పెట్టిస్తారు. టికెట్టు లేదు. పెద్ద హాలులో నలుగురికి టికెట్లు కొనాలంటే గుండె గుభేలుమనే ఇళ్ళవాళ్ళంతా చాపలు, విసనకర్రలు, కోసిన జామకాయ ముక్కలు పట్టుకుని పిల్లల్ని తోలుకొస్తారు. యున్‌రు వాళ్ళ తాతది చేతిబొమ్మలాట. ఈ ఏడు వాళ్ళకి ఎనిమిది శనివారాలు దక్కాయి.

దక్కాయి సరే, దానికో మెలిక. ఎనిమిది ఆటలకీ కలిపి ఆరువందల మంది రావాలి. ఒక్కరు తగ్గినా వచ్చే ఏడు జాబితాలో పేరుండదు. అవతల ఇన్నాళ్ళూ బొమ్మలాట పెట్టించిన గుళ్ళవాళ్ళు కూడా ఇప్పుడు రంగు దీపాల లారీలెక్కి పాడే అమ్మాయిలనే పిలుస్తున్నారు. "ఈ జాబితా కూడా పోతే పెట్టె మూసేస్తానమ్మడూ" అని డెబ్భయ్యారేళ్ళ తాత ముందే చెప్పేశాడు. ఆ పెట్టెలో బొమ్మలతోనే పెరిగింది యున్‌రు. అది మూతపడితే తనెవరో తనకే తెలియదు.

ఆ తలలు లెక్కపెట్టడానికి శాఖవాళ్ళు పంపిన మనిషే ఈ బోవెయ్. ఇస్త్రీ చొక్కా, మీద ఆఫీసు కోటు, మెడలో కార్డు. ఆట మొదలైన ఇరవయ్యో నిమిషానికి సరిగ్గా లేచి, చాపల మధ్య నడుస్తూ, చేతిలో యంత్రం టిక్కు టిక్కుమని నొక్కుతాడు. ఆట ఎలా ఉందో రిపోర్టు కూడా అతనే రాయాలి. మూడేళ్ళలోపు పిల్లలు లెక్క కాదు. ఐస్‌క్రీము బండి దగ్గర నిలబడ్డవాళ్ళు లెక్క కాదు. ఉద్యోగులూ, ఆ లెక్కపెట్టే ఉద్యోగి బంధువులూ అసలే కాదు.

మొదటి రోజే తాతతో పేచీ పెట్టుకున్నాడు.

"తాతగారూ, కథకి ముందు ఆ ముగ్గురు దేవుళ్ళ బొమ్మలు వచ్చి పది నిమిషాలు దీవిస్తున్నాయి. పిల్లలకి విసుగు పుట్టి లేచిపోతున్నారు. అది తీసేస్తే బాగుంటుందేమో."

"అది పిల్లల కోసం ఆడేది కాదబ్బాయ్. పైన కూర్చున్నవాళ్ళ కోసం. వాళ్ళు చూశాకే మనుషులు."

"పైన కూర్చున్నవాళ్ళని నేను లెక్కలో రాయలేనండీ."

"నిన్ను రాయమని ఎవరు బతిమాలారు?" అంది యున్‌రు తెర వెనక నుంచి.

మర్నాడు ఫోను చేశాడు. దీవెనని ఐదింటికి కాకుండా ఐదుకి పది నిమిషాల ముందు మొదలుపెడితే, దేవుళ్ళ వంతు దేవుళ్ళకి, పిల్లల వంతు పిల్లలకి అన్నాడు. తాత తెగ మురిసిపోయాడు. రెండో వారం నలభై మంది పెరిగారు. అతను చెప్పింది నిజమైనందుకు యున్‌రుకి ఇంకాస్త ఒళ్ళు మండింది.

అంతటితో ఊరుకున్నాడా, లేదు. ఆట అయ్యాక తెర వెనక్కి వచ్చి, "పులి ఎడమ పంజా కొంచెం ఆలస్యంగా లేస్తోందండీ" అన్నాడు.

"మీరు తలలు లెక్కపెట్టడానికొచ్చారా, పంజాలు లెక్కపెట్టడానికొచ్చారా?"

"లెక్క ఒక్క నిమిషంలో అయిపోతుంది. మిగతా సేపంతా ఆటే చూస్తుంటాను."

యున్‌రు పులిని సంచిలో వేసుకుంది. ఇంటికెళ్ళి అద్దం ముందు ఆ పంజాని వంద సార్లు ఎత్తించింది. తర్వాతి వారం అతను తెర వెనక్కి వచ్చి, "ఇప్పుడు సరిపోయింది" అని మాత్రం అని వెళ్ళాడు. ఆ రెండు ముక్కలకి వారమంతా తనలో తనే నవ్వుకుంది. అలా నవ్వుకుంటున్నందుకు తనని తనే తిట్టుకుంది కూడా.

ఏడో శనివారం వాన పట్టుకుంది. బోవెయ్ తన గొడుగుని ఆటకి వాయించే డోలు మీద పట్టి తను నిలువునా తడిశాడు. అలా నీళ్ళోడుతూనే వెళ్ళి నలభై ఎనిమిది మందిని లెక్కపెట్టి వచ్చాడు. మొత్తం ఐదువందల డెబ్భయ్యొకటి. ఇంకా ఇరవై తొమ్మిది కావాలి, మిగిలింది ఒక్క ఆట, అదీ వానల్లో.

"వానకి వెనక్కి తిరిగిపోయినవాళ్ళు ఎంత లేదన్నా యాభై మంది" అంది యున్‌రు. "వాళ్ళని కలిపి రాస్తే తప్పేంటి?"

"వాళ్ళు చూడలేదు కదండీ."

"బోవెయ్ గారూ, మా తాత పెట్టె మూసేస్తాడు."

అతని ముఖం పాలిపోయింది. గొడుగుని మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "రాయలేనండీ" అన్నాడు చివరికి.

"అసలు నువ్వు మనిషివేనా?" అనేసింది. అని, బొమ్మల పెట్టె వెనక్కి వెళ్ళి ఏడ్చింది.

గురువారం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఈ శనివారం లెక్కకి త్సెంగ్ గారనే ఆవిడ వస్తుందట. బోవెయ్ తనే అడిగి మరీ లైబ్రరీ విభాగానికి మారిపోయాడట. యున్‌రు ఫోను పెట్టేసింది. లెక్క తగ్గినందుకు కాదు, అతను రానందుకు ఏడుపు వస్తోందని తెలిసి సిగ్గేసింది. పోయేవాడు ఒక్క మాట చెప్పిపోకూడదా అని రెండు రోజులూ మండిపడుతూనే ఉంది.

శనివారం నాలుగింటికే ఆకాశానికి చిల్లు పడింది. పార్కులో తొమ్మిది మంది ఉన్నారు.

"ఆపేయొచ్చు పెద్దాయనా, వానకి ఆపితే ఎవరూ తప్పు పట్టరు" అంది త్సెంగ్ గారు. "కాకపోతే లెక్కలో సున్నా పడుతుంది."

"గంట కొట్టేశానమ్మా. పైవాళ్ళు వచ్చి కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళని లేపి పంపే అలవాటు మా ఇంట్లో లేదు."

దీవెన అయింది. కథ మొదలైంది. యున్‌రు పులిని ఆడిస్తూనే తెర సందులోంచి చూస్తోంది. తొమ్మిది. పది నిమిషాలయినా తొమ్మిదే. పద్దెనిమిదో నిమిషంలో, టార్పాలిన్ కప్పిన చిన్న లారీ ఒకటి పార్కు ముందు ఆగింది. అందులోంచి పసుపుపచ్చ వానకోట్లు దిగడం మొదలుపెట్టాయి. ఒక ముసలమ్మ, ఆవిడ వెనక చిన్న చిన్న పీటలు మోస్తూ బాబాయిలు, పిన్నులు, పిల్లలు, చంకన పసిదానితో ఒకావిడ. అందరూ బురదలో పీటలేసుకుని బుద్ధిగా కూర్చున్నారు. ఆఖర్న బోవెయ్ వచ్చాడు. ఆఫీసు కోటు లేదు, మెడలో కార్డు లేదు.

యున్‌రు చేతిలో పులి ఒక్క క్షణం గర్జించడం మరిచిపోయింది. "పులీ, నిద్రపోయావా?" అని తాత తన చేతిలోని దొంగవాడి బొమ్మ చేత అడిగించి కథని లాక్కొచ్చాడు.

త్సెంగ్ గారు లేచి టిక్కు టిక్కుమని నొక్కుతూ నడిచింది. "ముప్ఫయ్యొకటి" అంది.

"ఆ పసిదాన్ని తీసేయండి, దానికి రెండేళ్ళే" అన్నాడు బోవెయ్. "నన్నూ తీసేయండి. ఏ విభాగంలో ఉన్నా ఉద్యోగినే."

"మరి వీళ్ళంతా?"

"మా ఊరు మాదౌ నుంచి వచ్చిన మా వాళ్ళు. గురువారం నుంచీ ఈ పని నాది కాదు కాబట్టి, వీళ్ళని కలపొచ్చు. నియమం మళ్ళీ ఒకసారి చదివాకే తీసుకొచ్చాను."

త్సెంగ్ గారు కాగితం తీసి తనూ చదివింది. "ఇరవై తొమ్మిది" అని రాసి సంతకం పెట్టింది.

తెర వెనక తాతకి అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. ఆయన చేతిలోని దొంగ బొమ్మ కథలో లేని గంతు ఒకటి వేసింది. పిల్లలు పడి పడి నవ్వారు.

ఆట అవగానే యున్‌రు పులిని చేతికి అలాగే ఉంచుకుని వానలోకి వచ్చేసింది.

"చెప్పకుండా పోతారా మీరు?"

"చెప్తే ఆగమనేవారు. మీరు ఆగమంటే ఆగిపోయేవాణ్ణి."

"ఆగితే ఏం పోయింది?"

"రిపోర్టు రాయలేకపోయానండీ" అన్నాడు బోవెయ్, తడిసిన కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "ఆట బాగుందని రాస్తే మీ మీద ఇష్టంతో రాసినట్టుంది. మామూలుగా ఉందని రాస్తే ఆ ఇష్టాన్ని దాచడానికి రాసినట్టుంది. నాలుగు వారాల నుంచి ఇదే పని. ఇంక నాలాంటివాడు ఇక్కడ లెక్కలు రాయకూడదని బదిలీ అడిగాను."

యున్‌రుకి కోపం తగ్గలేదు. ఆ కోపం కిందే బోలెడంత సంతోషం ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. "ఇష్టమని నోటితో ఒక్కసారి చెప్పొచ్చుగా. దానికి ఆఫీసు మారాలా?"

"ఇష్టం" అన్నాడతను వెంటనే.

"నాకూ ఇష్టమే. మిమ్మల్ని చూస్తే ఒళ్ళు మండిపోతుంది, అయినా ఇష్టమే." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఇంతమందికి ఏం చెప్పి తీసుకొచ్చారు? బొమ్మలాటంటే అంత పిచ్చా వీళ్ళకి?"

"పంజా సరిగ్గా లేపే అమ్మాయి ఒకతి ఉందని చెప్పాను. చూస్తామన్నారు."

అప్పటికే బోవెయ్ వాళ్ళమ్మ ఉడికించిన వేరుశెనక్కాయల పొట్లం తాత చేతిలో పెట్టి, యున్‌రుని పైనుంచి కిందికి ఒకసారి చూసి, తన వానకోటు తీసి ఆమె భుజాల మీద కప్పింది.

"చూడమ్మా, మన పంచాంగంలో ఇది ఏడో నెల. దయ్యాలు తిరిగే నెల. శుభం మాట నోటితో ఎత్తకూడదు. నెల వెళ్ళగానే మీ ఇంటికి వస్తాం."

"ఏ మాటండీ?" అంది యున్‌రు, తెలియనట్టు.

"ఎత్తకూడదన్నానా?"

తాత వేరుశెనక్కాయ ఒలుస్తూ, "రండమ్మా, ఆ రోజు మేం ఎక్కడికీ పోం" అన్నాడు.

యున్‌రు బోవెయ్ వైపు తిరిగింది. "నెల వెళ్ళడానికి ఎన్నాళ్ళుంది?"

"పదకొండు రోజులు. ఇవాళ కాకుండా."

"ఇవాళ ఎలాగూ అయిపోవచ్చింది. అదీ కలుపుకుంటే ఒకటి తగ్గుతుందిగా."

అతను వాచీ చూసుకున్నాడు. నిజంగానే ఆలోచించాడు. "కుదరదండీ. ఇంకా ఆరున్నరైనా కాలేదు" అన్నాడు.

ఈ మనిషితో జన్మంతా ఎలా వేగాలిరా దేవుడా అనుకుంది యున్‌రు. పైకి మాత్రం అనలేదు. ఈ నెలలో ఆ మాట ఎత్తకూడదు మరి.