పైవాటాలో లేత్

నా బల్ల మీది కాఫీ కప్పు దానంతటదే జరగడం మొదలుపెట్టింది. పైన సీలింగు గుర్రుమంటోంది. ఆ చప్పుడు విని రెండేళ్లయింది. అయినా నా ఒళ్లు ఇట్టే గుర్తుపట్టేసింది.

చేతిలో ప్రూఫులు అక్కడే పడేసి, రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తాను.

తలుపు తీసే ఉంది. వారం కింద పైవాటాలో దిగిన అమ్మాయి చిన్న లేత్‌ని చదువుకునే బల్ల మీద పెట్టుకుని చెక్కముక్క తిప్పుతోంది. జుట్టు విరబోసుకుంది. చొక్కా చేతులు వదులుగా వేలాడుతున్నాయి. కళ్లకి ఏ అడ్డూ లేదు. బల్ల అయితే గజగజలాడుతూ మెల్లగా కిటికీ వైపు బయల్దేరింది.

"ఆపండి!" అని అరిచి ప్లగ్గు పీకేశాను.

ఆమె ఉలి చేత్తో పట్టుకునే నా వైపు తిరిగింది.

"ఎవరండీ మీరు? పరాయివాళ్లింట్లో దూరి ప్లగ్గులు పీకడమేనా మీ పని?"

"కింది వాటాలో ఉంటాను. ప్రూఫ్‌రీడర్‌ని."

"అయితే కిందికెళ్లి ప్రూఫులు దిద్దుకోండి."

"ఇక్కడే నాలుగు తప్పులున్నాయి. జుట్టు, చొక్కా, కళ్లు, బల్ల. జుట్టు ఒక్క చుట్టు చుట్టుకుంటే చాలు, తలని కూడా లాక్కెళ్లాక గానీ మోటారు ఆగదు."

ఆమె చెయ్యి తనకి తెలియకుండానే జుట్టు మీదికి వెళ్లింది. నోరు మాత్రం తగ్గలేదు.

"లేత్ గురించి ప్రూఫ్‌రీడర్‌కి ఎలా తెలుసో?"

"ఏదో పుస్తకంలో చదివాను," అని అబద్ధం చెప్పి దిగి వచ్చేశాను.

మర్నాడు సాయంత్రం నా తలుపు చప్పుడైంది. తీస్తే పైవాటా అమ్మాయి. జుట్టు గట్టిగా ముడేసుకుంది. చొక్కా చేతులకి బొత్తాలు పెట్టుకుంది. చంకలో కొత్త ఫేస్‌షీల్డు.

"అచ్చుతప్పుల గారూ, మూడు దిద్దుకున్నాను. నాలుగోది బల్ల. నేనొక్కదాన్నే మోయలేను."

నవ్వకుండా ఉండాలనుకున్నాను. కుదరలేదు.

ఆమె కొని తెచ్చిన మందపాటి చెక్కబల్లని ఇద్దరం పైకి చేర్చాక, లేత్‌ని నాలుగు బోల్టులతో దానికి బిగించాను. బల్ల కదలకుండా అడుగున రెండు ఇసుక బస్తాలు పెట్టాను. ఆ పని అయ్యేలోపు ఆమె సంగతంతా చెప్పేసింది. ఫిజియోథెరపిస్టు. దెబ్బలు తగిలి వేళ్లు బిగుసుకుపోయినవాళ్లకి మళ్లీ పిడికిలి పట్టడం నేర్పుతుంది.

"దొరికే ప్లాస్టిక్ బంతులన్నీ ఒకటే సైజు. చేతులు మాత్రం ఏ రెండూ ఒకలా ఉండవు. ఎవరి పిడికిలికి తగ్గ చెక్కపిడి వాళ్లకి చేసిద్దామని."

ఆ మాట వినగానే, బిగించిన బోల్టునే మళ్లీ బిగించాను. పాఠంలోకి దిగిపోయాను.

"ముందు చెక్కని చుట్టూ చూడండి. పగులుంటే పక్కన పడేయండి. లేత్ రెండు మొనల మధ్య బిగించాక చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి. ఆ తర్వాతే స్విచ్. అప్పుడు కూడా చెక్కకి ఎదురుగా నిలబడకండి, పక్కకి జరగండి."

"ఉలి ఎప్పుడు?"

"ముందు చెక్క పక్కనున్న ఈ ఇనప కమ్మీ మీద ఆనించండి. ఉలి అంచు వెనకున్న వాలు చెక్కని ఊరికే రాసుకుంటూ ఉండాలి. అప్పుడు మెల్లగా పిడి ఎత్తండి. అంచు అదే కోసుకుంటుంది."

మొదటిసారి ఉలి ఠక్కున చెక్కలో దిగబడి ఆమె రెండు చేతుల్నీ విదిలించింది. మొహం పాలిపోయింది. మళ్లీ పట్టమన్నాను. నాలుగోసారికి పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి ఆమె మోచేతుల మీద పడింది.

"చూశారా! చూశారా!"

ఫేస్‌షీల్డు వెనక ఆ నవ్వు చూశాక, ఆ రోజు ప్రూఫుల్లో ఎన్ని తప్పులు వదిలేశానో దేవుడికే తెలియాలి.

"మీరోసారి చేసి చూపించండి," అని ఉలి అందించింది.

"నాకు పనుంది," అని కిందికి వచ్చేశాను.

ఇంకో రెండుసార్లు కూడా అంతే జరిగింది. ఆమె నా చేతుల వంక చూడటం మొదలుపెట్టింది.

మూడో వారంలో, బయట వాన దంచికొడుతున్న సాయంత్రం, తిరుగుతున్న చెక్కలోంచి టిక్ టిక్‌మని చప్పుడు వచ్చింది. ఆమెని రెండు చేతులతో పక్కకి తోసేసి ప్లగ్గు లాగేశాను. ఆమె మోచేయి గోడకి కొట్టుకుంది.

చెక్క ఆగింది. దాని మీద వెంట్రుకంత పగులు.

"పగులుంది, ఒప్పుకుంటాను," అంది మోచేయి పట్టుకుని. "ఆపమంటే ఆపేదాన్ని కదా! తోసినప్పుడు మీ మొహం నేను చూశాను. మీరు తోసింది నన్ను కాదు. ఇంకెవర్నో. ఎవర్ని?"

"మా అన్నయ్యని," అన్నాను. నా నోటివెంట ఆ మాట వచ్చి రెండేళ్లయింది.

ఇక అంతా చెప్పేశాను. ఊరి ఆ చివర కలప అడితి వెనక మాది లేత్ షాపు. నాన్న పోయాక అన్నయ్యే నాకు పని నేర్పాడు. ఒక పొద్దున లేత్ మీద కుర్చీ కోడు బిగిస్తుండగా ఫోనొచ్చింది. వెనక మొన సగమే బిగించి బయటికి వెళ్లాను. అన్నయ్య వచ్చి స్విచ్ వేశాడు. కోడు ఎగిరి అతని కుడిచేతిని కమ్మీకేసి నలిపేసింది. మూడు వేళ్లు బిగుసుకుపోయాయి. ఆసుపత్రిలో వదిన నన్ను చూసిన చూపు తట్టుకోలేక, వాళ్లు ఇంటికొచ్చేలోపే బట్టలు సర్దుకుని ఊరి ఈ చివరికి వచ్చేశాను.

ఆమె పగిలిన చెక్కని లేత్ మీంచి తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత అడిగింది, "ఆ చేతికి వ్యాయామం ఎవరు చేయిస్తున్నారు?"

"తెలీదు."

"నేను వెళ్లి చూస్తాను."

"వద్దు. వెళ్తే మన పాఠాలు ఇక్కడితో సరి."

ఆమె సరేననలేదు, కాదనలేదు. నేను దిగి వచ్చేశాను.

ఎనిమిది రోజులు సీలింగు కిక్కురుమనలేదు. మెట్ల మీద ఎదురుపడితే తల దించుకుని వెళ్లిపోయేది. తొమ్మిదో రోజు, శనివారం సాయంత్రం, పైన ఎవరో నవ్వారు. మగగొంతు. ఆ గొంతు ఎవరిదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

పైకి వెళ్లేసరికి లేత్ పక్కన, ఆమెతో పాటు, అన్నయ్య ఉన్నాడు. చెంపల దగ్గర జుట్టు తెల్లబడింది.

"వెళ్లొద్దన్నాను కదా!" ఆమె మీద అరిచాను.

"ఆ అమ్మాయితో తగువు తర్వాత. ముందు నాతో పెట్టుకో," అన్నాడు అన్నయ్య.

"వదులుగా బిగించింది నేనే, అన్నయ్యా."

"నువ్వే. కాదని ఎవరన్నారు? తిప్పి చూసుకోకుండా స్విచ్ వేసింది నేను. అది అక్కడితో అయిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చి నీ గది తలుపు తీస్తే దుప్పటి కూడా లేదురా. అది మాత్రం అయిపోలేదు."

"వదిన..."

"వారం రోజులు నిన్ను తిట్టింది. ఎనిమిదో రోజు నుంచి, నిన్ను వెతకలేదని నన్ను తిడుతోంది." ఒక చెక్కముక్క నా చేతిలో పెట్టాడు. "బిగించు."

ముక్క ఒకసారి జారి కింద పడింది. తీసి చుట్టూ చూశాను. మొనల మధ్య పెట్టి బిగించాను. చేత్తో తిప్పాను. అన్నయ్య ఎడమ చేత్తో తనూ ఒక చుట్టు తిప్పి చూశాడు.

"పక్కకి జరుగు అన్నయ్యా."

"ఇంకెంత జరగనురా? గోడ వచ్చేసింది."

స్విచ్ వేశాను. ఉలిని కమ్మీ మీద ఆనించాను. పిడి ఎత్తాను. సన్నటి పొట్టు లేచింది. మోటారు ఆపేసరికి నా చొక్కా చెమటతో తడిసిపోయింది.

గుడ్డు ఆకారంలో వచ్చిన ఆ పిడిని అన్నయ్య కుడిచేతిలోకి తీసుకున్నాడు. మూడు వేళ్లూ ముడుచుకోలేదు గానీ చెక్క మీద వాలాయి.

"ఈ కొస ఇంకొంచెం సన్నం చెయ్యి," అన్నాడు. "మీ వదినకి ఫోన్ చేసొస్తాను," అని మెట్ల వైపు వెళ్లాడు.

మేమిద్దరం మిగిలాం.

"నాకింకా కోపంగానే ఉంది," అన్నాను.

"ఉండాలి. వెళ్లననీ చెప్పలేదు, వెళ్తున్నాననీ చెప్పలేదు. తప్పే." ఆమె బల్ల మీది పొట్టు చేత్తో దగ్గరికి తోసింది. "పాఠాలు పోతే పోనీ, ఇంకెవరి దగ్గరైనా నేర్చుకుంటాననుకున్నాను. కానీ ఈ ఎనిమిది రోజులూ మీరు మెట్లెక్కుతారేమోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. లేత్ ముట్టుకోబుద్ధి కాలేదు."

"నేను కింద కూర్చుని సీలింగు వంకే చూస్తున్నాను."

"ఎందుకు?"

"చప్పుడు లేక తోచలేదు."

"అంతేనా?"

"అంతే కాదు." ఇక దాచడం నా వల్ల కాలేదు. "మీరంటే నాకిష్టం."

ఆమె కళ్లెత్తి చూసింది. పెదవులు కదిలాయి. ఈలోపు మెట్ల మీంచి కేక వినపడింది.

"ఒరేయ్, ఫోన్లో మీ వదిన ఉంది! నువ్విప్పుడన్నది నాకు వినపడింది, తనకి వినపడలేదట! ఏం చెప్పమంటావు?"

ఆమె నన్ను దాటుకుని గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"రేపు ఇద్దరం వస్తున్నామని చెప్పండి, బావగారూ!"

కింద అన్నయ్య ఫోన్లో 'బావగారూ' అన్న ఆ ఒక్క మాటనే వదినకి రెండుసార్లు చెప్పడం మా ఇద్దరికీ స్పష్టంగా వినపడింది.